కంటి చూపు – ఒంటి ఆరోగ్యం

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద కొంత దూరం పోతే పీర్జాదిగూడ వస్తుంది. ఒకప్పుడు ఇది చిన్న ఊరు. ఒక పక్క మూసీ నది. మూసీ నీళ్లతో ఇక్కడ పశువుల గడ్డి, ఆకుకూరలు పండించేవాళ్లు. ఇప్పుడు పొలాలు తగ్గాయి. ఇళ్లు పెరిగాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటున్నారు.

ఇక్కడి ఆడవాళ్లు రకరకాల పనులు చేస్తారు. కొందరు కుట్టుమిషను మీద జాకెట్లు కుడతారు. కొందరు పూలు, కూరగాయలు అమ్ముతారు. కొందరు ఇళ్లల్లో పనికి పోతారు. కొందరు నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీలకు పోతారు.

ఈ పనులన్నిటికీ రెండు చేతులు కావాలి. చేతులకు దారి చూపడానికి రెండు కళ్లు కావాలి. సూదిలో దారం ఎక్కించాలంటే కన్ను కావాలి. బియ్యంలో రాళ్లు ఏరాలంటే కన్ను కావాలి. బస్సు మీద ఊరి పేరు చదవాలంటే కన్ను కావాలి.

కన్ను బాగుండాలంటే ఏం చేయాలి? కంట్లో చుక్కల మందు వేసుకుంటే చాలు అని చాలామంది అనుకుంటారు. అది చాలదు. కన్ను ఒంట్లో భాగం. ఒంట్లో తిరిగే రక్తమే కంట్లోనూ తిరుగుతుంది. మనం తినే తిండే కంటికీ బలం. మనం పీల్చే పొగే కంటికీ కీడు. ఒళ్లు చెడితే కన్ను చెడుతుంది. ఒంటిని చూసుకుంటే కన్ను నిలుస్తుంది.

ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. మరిచిపోయింది ఎవరు?

ఒక బస్తీలో సాయంత్రం చదువు జరుగుతోంది. పది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. అందులో కుట్టుపని చేసే ఒక అక్క ఉంది. అందరూ ఆమెను మిషనక్క అంటారు. ఆమెకు నలభై ఐదేళ్లు. ఆరు నెలల్లో అక్షరాలన్నీ నేర్చుకుంది. తన పేరు రాసింది. కొడుకు పేరు రాసింది. అందరికంటే ముందు ఉండేది.

ఈ మధ్య ఆమె పుస్తకం తెరవడం లేదు. వెనక వరుసలో కూర్చుంటోంది. చదవమంటే తల అడ్డంగా ఊపుతోంది.

"ఏమైందక్కా?" అని ఆశా కార్యకర్త అడిగింది.

"నాకు చదువు అబ్బదు చెల్లె. నేర్చుకున్నదంతా మరిచిపోయిన. అక్షరాలు అలుక్కపోయినట్టు కానొస్తున్నయి" అంది మిషనక్క.

"సూదిల దారం ఎక్కుతున్నదా?"

"ఏడ ఎక్కుతది? నా కోడలు ఎక్కించి ఇస్తది."

"సరే. పుస్తకం జర దూరం పట్టుకో అక్కా. ఇంకా దూరం. చెయ్యి పూర్తిగ చాపు."

మిషనక్క చెయ్యి చాపింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. తర్వాత గడగడా చదివింది.

"చూసినవా? నువ్వేం మరిచిపోలేదు. నీ కంటికి అద్దాలు కావాలె. అంతే" అంది ఆశా కార్యకర్త.

మిషనక్కకు వచ్చింది చత్వారం. నలభై ఏళ్లు దాటితే ఇది దాదాపు అందరికీ వస్తుంది. దగ్గరి వస్తువు మసకగా కనిపిస్తుంది. దూరం పెడితే బాగా కనిపిస్తుంది. ఇది రోగం కాదు. చదివినందువల్ల వచ్చింది కాదు. కుట్టుపని వల్ల వచ్చింది కూడా కాదు. వెంట్రుకలు తెల్లబడినట్టే ఇదీ వయసుతో వస్తుంది.

మన కంట్లో ఒక చిన్న అద్దం లాంటి కటకం ఉంది. చిన్నప్పుడు అది మెత్తగా ఉంటుంది. దగ్గరికి, దూరానికి తగినట్టు దాని ఆకారం మారుతుంది. వయసు పెరిగితే అది గట్టిపడుతుంది. దగ్గరి వస్తువును చూసే సమయంలో తగినట్టు మారదు. అప్పుడు కళ్లద్దాలు సాయం చేస్తాయి.

"అద్దాలు పెట్టుకుంటే కళ్లు ఇంకా పాడైతయి" అని కొందరు అంటారు. అది నిజం కాదు. పెట్టుకోకపోతే కళ్లు గుంజుతాయి. తల నొస్తుంది. పని వెనకబడుతుంది.

అస్సాంలో తేయాకు తోటలు ఉన్నాయి. అక్కడ ఆకు కోసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నలభై ఏళ్లు దాటిన 751 మంది కూలీలతో అక్కడ ఒక పరిశోధన చేశారు. దాని ఫలితాలు 2018లో బయటికి వచ్చాయి. సగం మందికి ముందే దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు. మిగిలినవాళ్లకు తర్వాత ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవాళ్లు కోసే ఆకు, పెట్టుకోనివాళ్ల కంటే ఐదో వంతు ఎక్కువగా పెరిగింది. చూపు పెరిగితే కూలి పెరుగుతుంది.

నలభై దాటిన ఎంతోమంది అక్కలు మధ్యలో చదువు మానేస్తారు. తమకు బుర్ర లేదనుకుంటారు. తప్పు బుర్రది కాదు. కంటికి ఒక జత అద్దాలు లేకపోవడమే తప్పు.

2. చక్కెర జబ్బు – చప్పుడు చేయని దొంగ

ఆ చదువు కేంద్రానికే పూలమ్మే వదిన ఒకామె వచ్చేది. ఆమెకు ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది. అంటే చక్కెర జబ్బు. ఒకరోజు మాత్ర వేసుకునేది. రెండు రోజులు మానేసేది. పని ఎక్కువైతే మధ్యాహ్నం తిండి ఉండేది కాదు. రాత్రి కంచం నిండా అన్నం తినేది.

"వదినా, కంటి పరీక్షకు రా" అని ఆశా కార్యకర్త పిలిచింది.

"నా కండ్లకేమైంది? మల్లెమొగ్గలు లెక్కబెట్టి మాల అల్లుత. నాకెందుకు పరీక్ష?" అంది ఆమె.

ఆ ఏడాది పోలేదు. తర్వాతి ఏడాదీ పోలేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ కంటి ముందు నల్లటి దారాలు తేలాయి. సాయంత్రానికి ఆ కంటికి అంతా ఎర్రగా, మసకగా అయింది. నొప్పి మాత్రం లేదు.

ఏం జరిగింది?

కంటి వెనక ఒక పలచటి తెర ఉంది. దాన్ని రెటీనా అంటారు. మనం చూసే బొమ్మ దాని మీదే పడుతుంది. ఆ తెర నిండా వెంట్రుకకంటే సన్నటి రక్తనాళాలు ఉంటాయి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ నాళాలు బలం తగ్గుతాయి. పాత పైపు కారినట్టు కారుతాయి. కొన్ని మూసుకుపోతాయి. వాటి పక్కన కొత్త నాళాలు పుడతాయి. అవి మంచివి కావు. చిట్లిపోయి కంట్లో రక్తం కారుతుంది. పూలమ్మే వదినకు జరిగింది ఇదే.

ఈ జబ్బు మొదట్లో ఏ గుర్తూ చూపించదు. నొప్పి ఉండదు. దురద ఉండదు. చూపు బాగానే ఉంటుంది. లోపల మాత్రం చెడిపోతూ ఉంటుంది. అందుకే ఇది చప్పుడు చేయని దొంగ.

దొంగను పట్టుకునే ఉపాయం ఒక్కటే. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారి కంటి పరీక్ష చేయించుకోవాలి. చూపు బాగున్నా చేయించుకోవాలి. డాక్టరు కంట్లో చుక్కలు వేస్తారు. కంటిపాప పెద్దదవుతుంది. అప్పుడు లోపలి తెర కనిపిస్తుంది. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది. వెలుతురు చూస్తే కళ్లు జిగేలుమంటాయి. భయపడొద్దు. అది తగ్గిపోతుంది. ఆ రోజు తోడు ఒకరిని తీసుకుపోతే మంచిది.

పూలమ్మే వదినను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. రెండు కళ్లనూ పరీక్షించారు. కుడి కంట్లోనూ జబ్బు మొదలైందని తేలింది. లేజరు అనే కాంతితో చికిత్స చేశారు. కుడి కన్ను నిలిచింది. ఎడమ కంటి చూపు పూర్తిగా తిరిగి రాలేదు.

"పోయిన ఏడాది పిలిచిన్నాడే రావాల్సి ఉండె" అని ఆమె అంది.

లేజరు, ఇంజెక్షన్లు ఉన్న చూపును కాపాడతాయి. పోయిన చూపును తెచ్చి ఇవ్వడం కష్టం. ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి.

2023లో ఒక పెద్ద సర్వే వివరాలు వచ్చాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని అది చెప్పింది. అంటే ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రతి గల్లీ సంగతి.

షుగరు ఉన్నవాళ్లు కంటి కోసం ఏం చేయాలి?

మాత్రలు రోజూ వేసుకోవాలి. బాగుందని మానేయకూడదు.
తిండి వేళకు తినాలి. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచాలి.
రోజూ అరగంట నడవాలి.
డాక్టరు చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష చేయించుకోవాలి.
ఏడాదికోసారి కంటి పరీక్ష మరవకూడదు.
షుగరు ఉన్న ఆడవాళ్లు గర్భం దాల్చితే మొదటి నెలల్లోనే కళ్లు చూపించుకోవాలి.

3. బీపీ కంటిని ఏం చేస్తుంది?

ఒంటిని కోయకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు ఒకటే ఉంది. అది కన్ను. కంటి డాక్టరు లోపలి తెరను చూసి "మీకు బీపీ ఉందా?" అని అడుగుతారు. రక్తపోటు ఎక్కువైతే ఆ సన్నటి నాళాలు ఇరుకవుతాయి. ఒక్కోసారి మూసుకుపోతాయి. అప్పుడు ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోవచ్చు.

షుగరుతో పాటు బీపీ కూడా ఉంటే కంటికి ముప్పు రెట్టింపు జాగ్రత్త కోరుతుంది. ఉప్పు తగ్గించాలి. పచ్చళ్లు, అప్పడాలు, మిక్చరు తగ్గించాలి. బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి.

గర్భిణులు ఒక సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. అయిదో నెల దాటాక కళ్ల ముందు మెరుపులు మెరిసినా, చూపు మసకబారినా, తల బాగా నొచ్చినా ఆలస్యం చేయొద్దు. అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు. తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోను చేయాలి. కాన్పు తర్వాత కొన్ని రోజుల వరకు కూడా ఈ జాగ్రత్త అవసరం.

4. కంటికి తిండి

పీర్జాదిగూడకు తార్నాక ఎంతో దూరం లేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ తిండిలో ఏ బలం ఉందో అక్కడ పరీక్షిస్తారు. ఆ సంస్థ 1958లో తమిళనాడులోని కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది.

ఆ రోజుల్లో మన దేశంలో చాలామంది చిన్నపిల్లలకు చూపు పోయేది. మొదట చీకటి పడితే కనిపించేది కాదు. దాన్ని రేచీకటి అంటాం. తర్వాత తెల్లగుడ్డు పొడిబారేది. దాని మీద నురుగు లాంటి మచ్చలు వచ్చేవి. చివరికి నల్లగుడ్డు మెత్తబడి చూపు పోయేది. కారణం ఎ విటమిను లోపం.

తార్నాక శాస్త్రవేత్తలు 1960లలో ఒక ఉపాయం చూపించారు. చిన్నపిల్లలకు ఆరు నెలలకు ఒకసారి ఎ విటమిను మందు తాగిస్తే కళ్లు కాపాడొచ్చని చెప్పారు. 1970లో ప్రభుత్వం దేశమంతటా ఈ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు తొమ్మిదో నెలలో మొదటి మోతాదు ఇస్తారు. తర్వాత ఆరు నెలలకు ఒకసారి ఇస్తారు. అయిదేళ్లు వచ్చేవరకు ఇస్తారు. అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఈ మందు పిల్లలకే. గర్భిణులు తమంతట తాము తాగకూడదు.

మందు ఒక్కటే చాలదు. రోజూ తినే తిండిలో కంటి బలం ఉండాలి. అది ఖరీదైన తిండి కాదు.

ఆకుకూరలు: మునగాకు, తోటకూర, పాలకూర, మెంతికూర.
పసుపు, నారింజ రంగువి: క్యారెట్, గుమ్మడికాయ, బొప్పాయి, మామిడిపండు.
ఇంకా: గుడ్డు, పాలు, కాలేయం, చేపలు.

ఆకుకూర వండేటప్పుడు కాస్త నూనె వేయాలి. నూనె ఉంటేనే అందులోని బలం ఒంటికి పడుతుంది. ఆకుకూరను రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడగాలి. కడిగాకే కోయాలి. షుగరు ఉన్నవాళ్లు మామిడిపండు ఎంత తినాలో డాక్టరును అడగాలి.

ఇంకో మాట. చాలా ఇళ్లల్లో ఆడది అందరికంటే చివర తింటుంది. గుడ్డు కొడుక్కి పోతుంది. కూర మగవాళ్లకు పోతుంది. అడుగున మిగిలిన చారు, పచ్చడి ఆమెకు. ఇలా ఏళ్ల తరబడి తింటే రక్తం తగ్గుతుంది. ఒంట్లో బలం తగ్గుతుంది. వండే చేతికి కూడా కూర కావాలి. కన్ను ఆమెకూ ఉంది.

5. పొగ, పొగాకు, ఎండ

కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే కళ్లు మండుతాయి. నీళ్లు కారుతాయి. అది అప్పటికి పోతుంది. కానీ ఏళ్ల తరబడి పొగలో వంట చేసేవాళ్లకు శుక్లం వచ్చే ముప్పు పెరుగుతుంది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. పేద ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. అది కంటికీ మేలు చేసింది. ఇప్పటికీ కట్టెల మీద నీళ్లు కాచేవాళ్లు ఉన్నారు. వాళ్లు పొయ్యి బయట పెట్టుకోవాలి. పొగ పోయే దారి ఉండాలి.

బీడీ, సిగరెట్టు, చుట్ట ఊపిరితిత్తులనే కాదు, కంటినీ చెరుస్తాయి. పొగ తాగేవాళ్లకు శుక్లం తొందరగా వస్తుంది. కంటి వెనక తెర కూడా దెబ్బతింటుంది. ఇంట్లో ఒకరు తాగితే ఆ పొగ అందరికీ తగులుతుంది. జర్దా, గుట్కా కూడా ఒంటికి కీడే.

ఎండలో పనిచేసేవాళ్లు తలకు గుడ్డ కట్టుకోవాలి. కళ్ల మీద నీడ పడేటట్టు కొంగు ముందుకు లాక్కోవాలి.

6. శుక్లం – ముదరేదాకా ఆగొద్దు

కంటి లోపలి కటకం అద్దంలా తేటగా ఉంటుంది. వయసు పెరిగితే అది మసకబారుతుంది. దాన్నే శుక్లం అంటారు. మన దగ్గర మోతిబిందు అని కూడా అంటారు. పొగమంచులో చూసినట్టు ఉంటుంది. రాత్రి బండ్ల లైట్లు చెదిరినట్టు కనిపిస్తాయి. షుగరు ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఇది ముందే వస్తుంది.

చుక్కల మందుతో శుక్లం కరగదు. ఆపరేషన్ ఒక్కటే దారి. మసకబారిన కటకం తీసేస్తారు. కొత్త కటకం పెడతారు. సాధారణంగా అరగంట లోపే అయిపోతుంది. చాలామంది అదే రోజు ఇంటికి పోవచ్చు.

"ముదరనియ్యి, తర్వాత చూద్దాం" అని వెనకటి రోజుల్లో అనేవాళ్లు. ఇప్పుడు ముదిరేదాకా ఆగాల్సిన పని లేదు. పనికి అడ్డం వస్తోందంటే ఆపరేషన్‌కు సమయం వచ్చినట్టే.

హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు దాన్ని 1987లో స్థాపించారు. ఆ సంస్థవాళ్లు 1996 నుంచి 2000 వరకు ఒక పెద్ద సర్వే చేశారు. హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాలు తిరిగారు. 10 వేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. ప్రతి 100 మందిలో దాదాపు ఇద్దరికి చూపు లేదని తేలింది. చూపు లేని ప్రతి 100 మందిలో 44 మందికి కారణం శుక్లం. 16 మందికి కారణం తగిన అద్దాలు లేకపోవడం.

అంటే వాళ్లలో సగానికి పైగా ఆపరేషన్‌తోనో అద్దాలతోనో చూపు పొందగలిగినవాళ్లే. మగవాళ్లకంటే ఆడవాళ్లలో చూపు లేనివాళ్లు ఎక్కువని కూడా ఆ సర్వే చెప్పింది.

ఆడవాళ్లు ఎందుకు వెనకబడతారు? "ఇంటి పని ఎవరు చేస్తరు?" అంటారు. "నన్ను ఎవరు తీస్కపోతరు?" అంటారు. "ఈ వయసుల నాకెందుకు ఖర్చు?" అంటారు. ఇల్లు గడవాలంటే ఆమె చూపు నిలవాలి. ఆమె చూపు పోతే ఆమెతో పాటు ఇంకొకరి పని కూడా ఆగుతుంది.

7. నీటికాసులు

కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బును నీటికాసులు అంటారు. ఇదీ చాలామందికి నొప్పి లేకుండానే వస్తుంది. పక్క చూపు ముందు పోతుంది. నడిచేటప్పుడు పక్కన ఉన్నవి తగులుతాయి. పోయిన చూపు తిరిగి రాదు. మందులు రోజూ వాడితే మిగిలింది నిలుస్తుంది. తల్లికి, తండ్రికి, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఈ జబ్బు ఉంటే మిగతావాళ్లూ పరీక్ష చేయించుకోవాలి.

8. పని చేసే చేతులు, చూసే కళ్లు

కుట్టుపని, పూసల పని, మగ్గం పని చేసేవాళ్లు వెలుతురులో కూర్చోవాలి. వెలుతురు చేతి మీద పడాలి. కళ్లల్లో పడకూడదు. ఇరవై నిమిషాలకు ఒకసారి తల ఎత్తాలి. ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడాలి. గోడ మీద పిట్టను చూసినా సరే. కళ్లార్పుతూ ఉండాలి. అప్పుడు కళ్లు ఎండిపోవు.

ఫ్యాక్టరీలో వెల్డింగు, గ్రైండింగు దగ్గర పనిచేసేవాళ్లు కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. రాళ్లు కొట్టేవాళ్లూ పెట్టుకోవాలి. అద్దాలు ఇవ్వమని మేస్త్రీని, యజమానిని అడగాలి. అది కూలీల హక్కు.

పిల్లలు గంటల తరబడి ఫోను చూస్తారు. దగ్గరగా పెట్టుకుని చూస్తారు. బయట ఆడటం తగ్గింది. అందువల్ల దూరం చూపు తగ్గే పిల్లలు పెరుగుతున్నారు. పిల్లలు రోజూ రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఆడుకుంటే కళ్లకు మంచిది. బడిలో బోర్డు కనిపించడం లేదని పిల్ల చెబితే తిట్టొద్దు. కంటి పరీక్షకు తీసుకుపోవాలి. ఆడపిల్లకు అద్దాలు వస్తే పెళ్లి కాదని భయపడొద్దు. కనిపించక చదువు పోతే అది పెద్ద నష్టం.

9. కంట్లో ఏవి వేయకూడదు?

కంట్లో నలుసు పడితే కొందరు చనుబాలు పోస్తారు. కొందరు ఆకు పసరు పిండుతారు. కొందరు నాలుకతో, అగ్గిపుల్లతో తీస్తారు. ఇవన్నీ ప్రమాదం. నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. దాన్నే కంట్లో పువ్వు అంటాం.

నలుసు పడితే శుభ్రమైన నీళ్లతో కడగాలి. నలపకూడదు. పోకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి.

సున్నం, యాసిడ్, బ్లీచింగు పౌడరు పడితే వెంటనే కళ్లు తెరిచి నీళ్లు ధారగా పోయాలి. పావుగంటకు తగ్గకుండా పోయాలి. ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి.

మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక చుక్కల మందు కొనొద్దు. కొన్ని చుక్కల్లో స్టిరాయిడు ఉంటుంది. ఎరుపు తొందరగా తగ్గుతుంది. కానీ ఎక్కువ రోజులు వాడితే నీటికాసులు, శుక్లం వస్తాయి.

10. ఎక్కడికి పోవాలి?

తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమం మొదలైంది. ఊరూరా శిబిరాలు పెట్టారు. కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించారు. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. అప్పుడూ ఉచితంగా చదువు అద్దాలు ఇచ్చారు. చాలామంది ఆడవాళ్లు మొదటిసారి కంటి పరీక్ష చేయించుకున్నది ఆ శిబిరాల్లోనే.

శిబిరం మన గల్లీకి వస్తే మంచిదే. రాకపోతే మనమే పోవాలి. అప్పుడు ఇచ్చిన అద్దాలు ఇప్పుడు సరిపోకపోవచ్చు. చత్వారం పెరిగేకొద్దీ అద్దాల నంబరు మారుతుంది.

షుగరు, బీపీ చూపించుకోవడానికి బస్తీ దవాఖానాకు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పోవచ్చు.
కంటి పరీక్షకు, ఆపరేషన్‌కు మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. అది ప్రభుత్వ ఆసుపత్రి.
బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉంది. డబ్బు కట్టలేనివాళ్లకు అక్కడ ఉచితంగా చూస్తారు.
ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది.

పోయేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రలు, పాత అద్దాలు తీసుకుపోవాలి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే పోవాలి:

ఉన్నట్టుండి చూపు తగ్గడం.
కళ్ల ముందు మెరుపులు, నల్లటి చుక్కలు రాలినట్టు ఉండటం.
కంటికి ఒక పక్క తెర వేసినట్టు ఉండటం.
కన్ను ఎర్రబడి బాగా నొప్పి పెట్టడం.
కంటికి దెబ్బ తగలడం.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష

గోడ మీద క్యాలెండరు ఉందా? దానికి ఎదురుగా కొంచెం దూరంలో నిలబడండి. ఎడమ కన్ను అరచేతితో మూయండి. కుడి కంటితో అంకెలు చదవండి. తర్వాత కుడి కన్ను మూయండి. ఎడమ కంటితో చదవండి. రెండు కళ్లకూ ఒకేలా కనిపిస్తున్నాయా? రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటి లోపం తెలియదు. మంచి కన్ను దాన్ని కప్పిపుచ్చుతుంది. నెలకు ఒకసారి ఇలా చూసుకోండి. తేడా ఉంటే డాక్టరు దగ్గరికి పోండి. తేడా లేకపోయినా షుగరు ఉన్నవాళ్లు ఏడాది పరీక్ష మానొద్దు.

గుర్తుంచుకుందాం

కన్ను ఒంట్లో భాగం.
నలభై దాటితే చదువు అద్దాలు సిగ్గు కాదు.
షుగరు ఉంటే చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి పరీక్ష.
ఆకుకూర, గుడ్డు, రంగు పండు కంటికి బలం.
శుక్లం ముదరేదాకా ఆగొద్దు.
కంట్లో పసర్లు వద్దు. సొంత వైద్యం వద్దు.

మాట్లాడుకుందాం

1. మీ బస్తీలో నలభై దాటిన ఆడవాళ్లు ఎంతమంది చదువు అద్దాలు వాడుతున్నారు? వాడనివాళ్లు ఎందుకు వాడటం లేదు?
2. మీ ఇంట్లో చివర తినేది ఎవరు? అందరూ కలిసి తింటే ఏమవుతుంది?
3. పూలమ్మే వదిన మొదటి ఏడాదే పరీక్షకు పోకపోవడానికి కారణాలు ఏమిటి? ఆమెకు మీరు పక్కింటివాళ్లయితే ఏం చేసేవాళ్లు?
4. ఒక ఆడమనిషి ఆసుపత్రికి పోతే ఆ రోజు ఆమె పని ఎవరు చేయాలి?

ఖాళీలు నింపండి

1. నలభై ఏళ్ల తర్వాత దగ్గరి చూపు తగ్గడాన్ని __________ అంటారు.
2. చీకటి పడితే కనిపించకపోవడాన్ని __________ అంటారు.
3. జాతీయ పోషకాహార సంస్థ __________లో ఉంది.
4. కంటి వెనక పలచటి తెరను __________ అంటారు.

లెక్క చేయండి

చూపు లేని 100 మందిలో 44 మందికి శుక్లం. 16 మందికి అద్దాలు లేవు. రెండూ కలిపితే ఎంతమంది? మిగిలినవాళ్లు ఎంతమంది?

రాయండి

మీ ఇంట్లో ఉన్న అందరి పేర్లు ఒక కాగితం మీద రాయండి. పేరు పక్కన వయసు రాయండి. షుగరు, బీపీ ఉన్నాయో లేవో రాయండి. చివరిసారి కంటి పరీక్ష ఎప్పుడు అయిందో రాయండి. ఎన్నడూ కాకపోతే "కాలేదు" అని రాయండి. మీ పేరు మరవొద్దు. ఆ కాగితం తీసుకుని ఈ వారమే ఆశా కార్యకర్తను కలవండి.